బుధవారం మ్యాచ్, కోటు జేబులో బొత్తాం

మంగళవారం రాత్రి తొమ్మిది దాటాక ల్యాండ్‌లైన్ మోగిందంటే అది మా క్రికెట్ టీం కెప్టెన్ అన్న ఫోనే. అమ్మ తీసేది కూడా కాదు, "నీకేరా" అని లోపల్నుంచి కేకేసేది. అవతల పెద్ద మాటలేం ఉండవు, "రేపు నాలుగున్నరకి, తెల్ల బట్టలు ఉతికున్నాయా?" అంతే, పెట్టేసేవాడు, ఇంకా ఏడెనిమిది మందికి చెయ్యాలి కదా మరి. ఇది 2001 మాట. గ్రూపులో ఒక మెసేజ్ పడేస్తే అందరూ సరే అనే రోజులు కావు. పదకొండు మందిని పోగెయ్యడమే సగం మ్యాచ్. ఆదివారం అయితే పద్దెనిమిది మంది దిగేవాళ్ళు, ఎవర్ని కూర్చోబెట్టాలా అని అన్నకి తలనొప్పి. బుధవారం వచ్చేసరికి ఒకడికి షిఫ్టు, ఒకడికి పరీక్ష, ఒకడింట్లో చుట్టాలు, లెక్క తొమ్మిది దగ్గర ఆగిపోయేది. నాలాంటి పందొమ్మిదేళ్ళవాడికి సీనియర్ల టీంలో చోటు దొరికిందంటే ఆ బుధవారాల పుణ్యమే.

అప్పటికి టీ20 అన్న మాట మేమెవ్వరం వినలేదు. ఇంగ్లండ్‌లో కౌంటీలు 20 ఓవర్ల టోర్నమెంట్ మొదలుపెట్టింది 2003 జూన్ 13న, వరల్డ్ కప్ అయితే 2007లో. అందరూ అబ్బా కొత్త ఆట వచ్చిందే అన్నారు కానీ క్లబ్బుల వాళ్ళకి అది కొత్తేం కాదు, ఆఫీసులో పర్మిషన్ పెట్టి వచ్చి చీకటి పడేలోపు రెండు ఇన్నింగ్సూ అవగొట్టాలంటే ఇరవై ఓవర్లకి మించి పట్టవు. ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు, పొద్దుగుంకడం పెట్టిన రూలు అది. దానికి తగ్గట్టే అన్నీ హడావిడిగా ఉండేవి, టాస్ వేసేటప్పటికి మా ఓపెనర్ ఒకడు గోడ పక్కన ఆఫీసు ప్యాంటు విప్పి తెల్ల ప్యాంటు తొడుక్కుంటూ ఉండేవాడు, ఓవర్ అవ్వగానే ఫీల్డర్లు నడిచేవాళ్ళు కాదు, పరిగెత్తేవాళ్ళు. వికెట్ పడితే లోపలికెళ్ళే బ్యాట్స్‌మన్ బయటికొచ్చే బ్యాట్స్‌మన్‌కి గ్రౌండ్ మధ్యలో ఎదురవ్వాలి, అదీ మా అన్న రూలు, ఒక్క నిమిషం పోయినా ఆఖర్లో ఆ నిమిషానికి ఏడవాల్సొస్తుంది అనేవాడు.

గ్రౌండ్‌కి సైట్ స్క్రీన్ (బాల్ బాగా కనిపించడానికి బౌలర్ వెనక పెట్టే తెర) లేదు, లైట్లు లేవు, బౌండరీ అంటే సున్నం గీత. పిచ్ కూడా దాదాపు తూర్పు పడమరగా ఉండేది. మామూలుగా పిచ్ ఉత్తరం దక్షిణంగా వేస్తారు, దిగే ఎండ బ్యాట్స్‌మన్ కళ్ళల్లో కొట్టకూడదని. మాది ఎవరు ఎందుకలా వేశారో గానీ ఆరింటి ప్రాంతంలో ఒక ఎండ్ నుంచి బ్యాటింగ్ చేస్తుంటే బౌలర్ చెయ్యి కూడా కనిపించేది కాదు, నల్లటి నీడ ఒకటి మీదకొచ్చేది, అందులోంచి బాల్ ఊడిపడేది. 2019 జనవరిలో నేపియర్‌లో ఇండియా, న్యూజిలాండ్ వన్డే ఎండ కళ్ళల్లో పడుతోందని ఆపేశారు చూశారా, అక్కడ గ్రౌండూ అంతే, తూర్పు పడమర. కామెంటేటర్లు వింతగా చెప్తుంటే నేను టీవీ ముందు ఒక్కడినే తల ఊపాను, ఆ కళ్ళు చిట్లించడం నాకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. బుధవారం మ్యాచ్‌కి అంపైర్లు రారు. ఆదివారం లీగ్ మ్యాచ్‌కైతే అసోసియేషన్ వాళ్ళు ఇద్దర్ని పంపేవాళ్ళు, వారం మధ్యలో ఫ్రెండ్లీకి ఎవరొస్తారు? అందుకని బ్యాటింగ్ చేసే టీంలోంచే ఇద్దరు నిలబడాలి. అంటే మనవాళ్ళు ఆడుతుంటే మనమే అంపైర్లం. ఎవరికీ ఇష్టం లేని పని, ఔటిస్తే మనవాళ్ళకి కోపం, ఇవ్వకపోతే అవతలివాళ్ళకి కోపం, అందుకే టీంలో అందరికన్నా చిన్నవాడి మీద పడేది. అంటే నా మీద.

దానికొక కోటుండేది. మోకాళ్ళు దాటే తెల్ల కోటు, నిజానికది అంపైర్ కోటు కాదు, ఎవరిదో కాలేజీ రోజుల కెమిస్ట్రీ ల్యాబ్ కోటు, మోచేతి దగ్గర యాసిడ్ పడి పచ్చగా ఒక మరక. బాల్స్ లెక్క పెట్టుకోవడానికి కుడి జేబులో ఆరు గులకరాళ్ళు. బాల్ పడ్డప్పుడల్లా ఒకటి తీసి ఎడమ జేబులో వేసుకోవాలి, కుడి జేబు ఖాళీ అయితే ఓవర్. ఆ ఆరింట్లో ఒకటి ఎప్పుడో పోయింది, దాని బదులు ఆ కోటుదే ఊడిపోయిన పెద్ద బొత్తాం ఒకటి వేశారు, నాలుగు చిల్లులది, అంచు కొంచెం విరిగింది. చెయ్యి పెట్టి తడిమితే ఐదు నున్నగా తగిలేవి, ఆరోది మాత్రం పలకగా, గరుగ్గా. కళ్ళు పిచ్ మీద ఉంటే ఆటంతా వేళ్ళకి తెలుస్తుండేది.

నాకు అంపైరింగ్ నేర్పింది మా స్కోరర్ మాస్టారు. రిటైరయ్యాక ఏ మ్యాచూ మానేవారు కాదు, ఎండైనా మబ్బైనా గీత బయట ఒక మడత కుర్చీ, ఒళ్ళో స్కోర్ బుక్, చెవి మీద పెన్సిల్. వికెట్లు మాత్రం ఎర్ర పెన్నుతో రాసేవారు. మెయిడెన్ (ఒక్క పరుగూ ఇవ్వని ఓవర్) పడితే ఆరు చుక్కల్నీ కలిపి ఎమ్ గీసేవారు, ఆ గీత కూడా వంకర పోకూడదు ఆయనకి. అంపైర్ సిగ్నల్ ఇస్తే స్కోరర్ చెయ్యెత్తి చూపించాలి, అది చూశాకే తర్వాత బాల్ వెయ్యనివ్వాలి, ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, రూల్స్‌లోనే ఉంది. మా మాస్టారు చెయ్యి బదులు పెన్సిల్ ఎత్తేవారు. నేనొకసారి ఆ పెన్సిల్ లేవకముందే ఆట సాగనిచ్చానని మ్యాచ్ అయ్యాక పిలిచి "నేను చూశానో లేదో నువ్వు చూడలేదు, మరి ఆ పరుగు ఎవరి లెక్కలో పడాలి బాబూ?" అన్నారు. మెల్లగానే అన్నారు, అయినా మళ్ళీ ఎప్పుడూ అలా చెయ్యలేదు నేను.

వి.కె. రామస్వామి గురించి మొదట విన్నది కూడా ఆయన దగ్గరే. మన హైదరాబాద్ అంపైర్. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్ట్ జరిగితే రెండు దేశాల వాళ్ళూ కాకుండా బయట దేశం నుంచి రామస్వామినీ, పిలూ రిపోర్టర్ అనే ఇంకో అంపైర్‌నీ పిలిచారు, అప్పటి పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి. మన దేశం వాళ్ళిద్దరు పాకిస్తాన్ గడ్డ మీద వాళ్ళ మ్యాచ్‌కి అంపైర్లు! అది చెప్పేటప్పుడు మాస్టారి గొంతే మారిపోయేది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి, 1994 నుంచి, టెస్టుల్లో ఒక అంపైర్ బయట దేశం వాళ్ళుండాలని పెట్టారు, ఇద్దరూ బయటివాళ్ళే అన్నది 2002లో. అంటే నేను చెప్పే ఈ 2001లో టెస్టుల్లో కూడా ఇద్దరిలో ఒకరు సొంత దేశం వాళ్ళే. ఆ మార్చిలో కోల్‌కతా ఈడెన్‌లో ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ 281 కొట్టిన టెస్టూ అంతే, ఫాలో ఆన్ (బాగా వెనకబడి వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) ఆడి, ద్రావిడ్‌తో కలిసి 376 పరుగులు చేసి, ఆఖరి రోజు మెక్‌గ్రాత్ ఎల్బీతో (వికెట్లకి తగలాల్సిన బాల్‌కి కాలు అడ్డం పడితే ఇచ్చే ఔట్) గెలిచాం కదా, ఆ మ్యాచ్ గురించి నెలల తరబడి మాట్లాడుకున్నాం మేము. నలుగురూ లక్ష్మణ్ గురించి మాట్లాడుతుంటే మాస్టారు మాత్రం ఆ ఆఖరి ఎల్బీకి వేలెత్తడానికి ఎంత గుండె కావాలో చూడండి అనేవారు, లక్షమంది అరుస్తుంటే, తన దేశం గెలవబోతుంటే, అది ఔటే కాబట్టి ఔటివ్వాలి, మనది కాబట్టి కాదు.

ఎల్బీకి ఆయన నాకు మూడు ప్రశ్నలు చెప్పారు. ఎక్కడ పడింది, ఎక్కడ తగిలింది, ఎక్కడికి పోయేది. లెగ్ స్టంప్ బయట పడితే ఇంక రెండో ప్రశ్నే అక్కర్లేదు, నాటౌట్. షాట్ ఆడుతుండగా ఆఫ్ స్టంప్ లైన్‌కి అవతల తగిలినా నాటౌట్. ముందు బ్యాట్‌కి తగిలిందా అన్నది చెవులు చెప్పాలి. మూడింటికీ లోపల్నుంచి జవాబొస్తేనే వేలు లేవాలి, ఒక్కదానికి తడబడినా చెయ్యి కిందే ఉండాలి అనేవారు.

చాలా టీములు బుధవారం మ్యాచుల్లో ఆ గొడవే లేకుండా టాస్ దగ్గరే "ఎల్బీలు లేవు" అని అనేసుకునేవాళ్ళు. మా అన్న ఒప్పుకునేవాడు కాదు. ఎల్బీ లేకపోతే వికెట్ల ముందు కాలు అడ్డం పెట్టుకుని పొద్దున్నదాకా ఆడొచ్చు, అది క్రికెట్ ఎలా అవుతుంది, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు, అడిగే హక్కు మాత్రం బౌలర్‌కి ఉండాలి అనేవాడు. ఎవరెన్నిసార్లు అడిగినా అదే మాట.

ఆ బుధవారం అవతలి టీం మా కన్నా గట్టిది. ముందు వాళ్ళే బ్యాటింగ్ చేసి 6 వికెట్లకి 131 కొట్టారు. నేను ఫైన్ లెగ్‌లో ఒక ఫోర్ వదిలేశాను, కవర్స్‌లో ఒకటి ఆపాను, బౌలింగ్ రెండు ఓవర్లే. అది పెద్దగా చెప్పేదేం లేదు.

మా బ్యాటింగ్‌కి అన్న ఎప్పట్లాగే ఓపెనింగ్ దిగాడు. అన్నకి అప్పటికి ముప్పై ఆరో ముప్పై ఏడో, స్ట్రోకులు గొప్పగా ఉండవు కానీ బాల్ ఆఖరిదాకా చూసి ఆడేవాడు, నిలబడ్డాడంటే పెకలించడం కష్టం. అవతల వికెట్లు పడుతూనే ఉన్నాయి, అన్న మాత్రం ఒకటి, రెండు, మధ్యలో ఎప్పుడో ఒక ఫోర్. పది ఓవర్లయ్యాక నాకు కోటు తొడిగి పంపించారు. 15 ఓవర్లకి 4 వికెట్లకి 98, అన్న 50 దాటేశాడు, గీత బయట మావాళ్ళు ఒక్కొక్కళ్ళు కిట్ బ్యాగుల మీంచి లేచి నిలబడ్డారు, అందరికీ అర్థమైంది అన్న ఉంటే మ్యాచ్ మనదే అని.

పదహారో ఓవర్ నా ఎండ్ నుంచి. వాళ్ళ మీడియం పేసర్, పొడుగ్గా, క్రీజుకి బాగా దగ్గరగా వచ్చి వేసేవాడు, వేసేటప్పుడు బూటు మట్టిలో ఈడ్చుకునే చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. మొదటి మూడు బాల్స్‌లో ఆరు పరుగులొచ్చాయి, 104. ఇంక 27 బాల్స్‌కి 28, చేతిలో ఆరు వికెట్లు. నాలుగో బాల్‌కి జేబులో చెయ్యి పెడితే గరుకు బొత్తాం తగిలింది, తీసి ఎడమ చేతి గుప్పిట్లో పట్టుకున్నాను.

కొంచెం షార్ట్‌గా పడింది. అన్న వెనక్కి వెళ్ళి పుల్ చెయ్యబోయాడు, సాయంత్రానికి పిచ్ నలిగిపోయి ఉంది కదా, బాల్ లేవాల్సినంత లేవలేదు, కొంచెం లోపలికి కూడా వచ్చింది, బ్యాట్ పైనుంచి గాల్లో తిరిగిపోయింది, బాల్ వెనక కాలికి, మోకాలి చిప్ప కింద ప్యాడ్‌కి తగిలింది. టప్ మని. తలుపు మీద దుప్పటి కప్పి కొట్టినట్టుండే చప్పుడు, బ్యాట్ చప్పుడు అలా ఉండదు.

బౌలర్ నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి అరిచాడు, కీపర్, స్లిప్, పాయింట్ అందరూ. నాకు వాళ్ళ అరుపు వినిపించింది గానీ ఎక్కడో దూరంగా, ఎండ నా వీపు మీద పడుతోంది, నా నీడ బౌలర్ నీడతో కలిసిపోయి పిచ్ మీద సగందాకా సాగి ఉంది. ఎక్కడ పడింది? ఆఫ్ స్టంప్ మీద. ఎక్కడ తగిలింది? మిడిల్ ముందు, అన్న వెనక కాలు క్రీజులోపలే ఉంది, వికెట్లకీ కాలికీ మధ్య ఒక అడుగు కూడా లేదు. ఎక్కడికి పోయేది? బొత్తాం విరిగిన అంచు అరచేతిలో దిగబడుతోంది, అంత గట్టిగా పట్టుకున్నానని కూడా నాకు తెలీదు. అన్న నా వైపు చూడట్లేదు, కింద క్రీజు వైపు చూస్తున్నాడు. అప్పీలయ్యాక ఎంతసేపయిందో చెప్పలేను, రెండు సెకన్లో నాలుగో, కుడి చెయ్యి లేచింది.

అన్న ఒక్కసారి తలెత్తి నా వేలు చూశాడు. నన్ను కాదు, వేలునే చూశాడు. బ్యాట్ చంకలో పెట్టుకుని గ్లవ్స్ విప్పుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు. మామూలుగా ఫిఫ్టీ కొట్టి వస్తే గీత బయట చప్పట్లు కొడతారు కదా, ఆ రోజు మావాళ్ళు ఒక్కళ్ళు కొట్టలేదు, అవతలి టీం వాళ్ళే కొట్టారు. మాస్టారు తల వంచుకుని ఎర్ర పెన్ను తీశారు, అక్కడిదాకా కనిపించింది నాకు.

తర్వాత జరిగింది మీరు ఊహించేదే, కుదురుకున్న మనిషి వెళ్ళిపోతే టీంలో తీగ తెగినట్టే, ఒకడు గాల్లోకి లేపాడు, పద్దెనిమిదో ఓవర్ నాలుగో బాల్‌కి ఇంకొకడు బౌల్డ్, ఏడు వికెట్లు. తొమ్మిదో నంబర్ వాడు లోపలికి వస్తున్నాడు, పదో నంబర్ నేను, వెళ్ళి ప్యాడ్స్ కట్టుకోవాలి, నా బదులు అంపైరింగ్‌కి ఎవరో రావాలి. చూస్తే అన్నే వస్తున్నాడు. ప్యాడ్స్ విప్పేసి, చెమటకి తడిసిన అదే చొక్కాతో, పరిగెత్తుకుంటూ. నా కాళ్ళల్లో బలం లేదు. కోటు విప్పి ఇచ్చాను, ఏదో అందామని నోరు తెరిచాను.

"ఎన్నయ్యాయి?" అన్నాడు అన్న.

"నాలుగన్నా."

"సరే, త్వరగా వెళ్ళి కట్టుకో. ఎడమ ప్యాడ్ పట్టీ తెగింది, చూసుకో" అన్నాడు. కోటు తొడుక్కుని జేబులో చెయ్యి పెట్టి ఒకసారి తడుముకున్నాడు, వికెట్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. అంతే.

పంతొమ్మిదో ఓవర్లో ఎనిమిదో వికెట్ పడితే నేను దిగాను. 123, ఆఖరి ఓవర్‌కి 9 కావాలి. అప్పటికి ఎండ పూర్తిగా పోయింది, ఆకాశంలో ఇంకా వెలుతురుంది గానీ నేల మీద లేదు, మీరెప్పుడైనా ఆ టైంలో ఆడుంటే తెలుస్తుంది, పైకి లేచిన బాల్ బాగానే కనిపిస్తుంది, నేల బారు వచ్చే బాలే కనిపించదు, ఎర్ర బాల్ ఆ వెలుతురులో ఎరుపుండదు, నల్లబడి మట్టిలో కలిసిపోతుంది. అన్న నన్నూ నా పార్ట్‌నర్‌నీ అడిగాడు, "కనిపిస్తోందా? మీరు కష్టం అంటే ఆపేద్దాం." ఆపితే ఆ మ్యాచ్ తేలకుండా పోయేది, మాకు నష్టమేం లేదు. మా పార్ట్‌నర్ ఆడదాం అన్నాడు, నేనూ తల ఊపాను. వాళ్ళ కెప్టెన్ దగ్గరకొచ్చి, "మా పొడుగోడికి ఒక ఓవర్ మిగిలుంది గానీ ఈ వెలుతురులో వాడితో వేయించను, పిల్లాడికి తగిలితే బాగోదు, స్పిన్నర్‌కి ఇస్తా" అన్నాడు. మ్యాచ్ వాళ్ళ చేతిలో ఉండి, అంత బాగా వేస్తున్నవాడిని పక్కన పెట్టేశాడాయన. నేనీ పోస్ట్ రాయడానికి సగం కారణం ఆ మాటే, ఇన్నేళ్ళలో దాని గురించి ఎక్కడా రాయలేకపోయాను.

మొదటి బాల్‌కి మా పార్ట్‌నర్ సింగిల్ తీశాడు. నాకు రెండో బాల్ అసలు కనిపించలేదు, కీపర్ గ్లవ్స్‌లో పడ్డ చప్పుడు విన్నాను. మూడో దానికి బ్యాట్ ఊపితే మిడాన్ మీదుగా పోయింది, రెండు. నాలుగోది ప్యాడ్‌కి తగిలి పక్కకి పోతే పరిగెత్తాం. అన్న మోకాలెత్తి చేత్తో తట్టి లెగ్ బై సిగ్నల్ ఇచ్చాడు, కానీ బయట అంత దూరం నుంచి మాస్టారికి కనిపించలేదు. పెన్సిల్ లేవలేదు. అన్న ఆట ఆపేసి మళ్ళీ మోకాలెత్తాడు, లేవలేదు. అప్పుడు "లెగ్ బై మాస్టారూ!" అని గట్టిగా అరిచాడు, అవతల్నుంచి "లెగ్ బై, రాశాను!" అని సన్నగా వినిపించాక గానీ బౌలర్‌ని కదలనివ్వలేదు. అంత చీకట్లో, అంత హడావిడిలో కూడా.

ఐదో బాల్‌కి సింగిల్, 128. ఆఖరి బాల్‌కి నాలుగు కావాలి, స్ట్రైక్ నాది. ముందుకొచ్చి కళ్ళు పెద్దవి చేసుకుని ఊపాను, వెనక వికెట్ల చప్పుడైంది. మూడు పరుగులతో ఓడిపోయాం.

కిట్ సర్దుకునేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఒక సీనియర్ మాత్రం నా పక్కకొచ్చి "డౌట్ బ్యాట్స్‌మన్‌కే ఇవ్వాలని తెలీదా, మనోడే కదా, వదిలేస్తే ఏం పోయింది" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. నాకు డౌట్ లేదన్నా అని చెప్పాలి, చెప్పలేకపోయాను. అన్న ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి, వాళ్ళ కెప్టెన్ చెయ్యి పట్టుకుని ఊపి, స్కూటర్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ నన్ను వెనక ఎక్కించుకుని మా వీధి చివర దింపేవాడు. ఆ రోజు ఎక్కించుకోలేదు.

మాస్టారు కుర్చీ మడుస్తుంటే వెళ్ళి నిలబడ్డాను. స్కోర్ బుక్ తెరిచే ఉంది, అన్న పేరు ఎదురుగా ఎర్ర అక్షరాలతో ఎల్బీ, పక్కన బౌలర్ పేరు, ఆ పక్కన 56. మాస్టారు నా మొహం చూసి అడిగారు.

"ఎక్కడ పడింది?"

"ఆఫ్ స్టంప్ మీద."

"ఎక్కడ తగిలింది?"

"మిడిల్ ముందు మాస్టారూ."

"ఎక్కడికి పోయేది?"

"తగిలేది" అన్నాను.

ఆయన బుక్ మూసి చంకలో పెట్టుకుని, కుర్చీ నా చేతికిచ్చి, "పద, చీకటి పడింది" అన్నారు.

రాత్రి బట్టలు మారుస్తుంటే ప్యాంటు జేబులోంచి బొత్తాం కింద పడింది. కోటు ఇచ్చేటప్పుడు అది నా గుప్పిట్లోనే ఉండిపోయింది, ఎప్పుడు జేబులో వేసుకున్నానో గుర్తులేదు. అంటే అన్న ఆఖరి ఓవర్ ఐదు రాళ్ళతోనే లెక్కపెట్టాడన్నమాట.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. రోజుకి పదిసార్లు ఆ బాల్ నాలో నేను వేసుకుని చూసుకునేవాడిని. ఇప్పుడైతే అంపైర్ ఇచ్చిన నిర్ణయాన్ని టీవీలో మళ్ళీ చూసే డీఆర్‌ఎస్ ఉంది, 2008లో శ్రీలంకలో మనవాళ్ళ సిరీస్‌లో మొదట పరీక్షించినప్పటి నుంచీ నేను వదలకుండా చూస్తాను, బాల్ దారి గీసి, వికెట్లకి ఎంత తగిలేదో కూడా చూపిస్తారు, అంచుకి తగిలితే అంపైర్ చెప్పిందే ఖాయం అంటారు. అలా గీసినప్పుడల్లా నా బాల్‌కి కూడా ఆ గీత గీసుకుంటాను. ఒక్కోసారి మిడిల్‌కి తగులుతుంది. ఒక్కోసారి, నిజం చెప్తున్నాను, లెగ్ స్టంప్ పక్కనుంచి వెళ్ళిపోతుంది. ఆ సాయంత్రం మాత్రం తగిలేదనే అనిపించింది, ఆ రెండు సెకన్లలో ఇంకో మాట లోపల్నుంచి రాలేదు.

సోమవారం నుంచే ఫోన్ వైపు చూడటం మొదలుపెట్టాను. మంగళవారం రాత్రి తొమ్మిదైంది, తొమ్మిదిన్నర అయింది. అమ్మ "ఇవాళ లేదేంట్రా మీ అన్న ఫోను" అంది. నేనేం మాట్లాడలేదు. పది కావస్తుండగా మోగింది. మొదటి రింగ్‌కే తీశాను.

"రేపు నాలుగున్నరకి" అన్నాడు అన్న. "కోటు జేబులో ఐదే ఉన్నాయి. బొత్తాం నీ దగ్గరుందా?"

"ఉందన్నా."

"తీసుకురా. రేపు పది ఓవర్లయ్యాక కాదు, మొదట్నుంచీ నువ్వే నించో, నేను ఓపెనింగ్ వెళ్తున్నా" అన్నాడు. తెల్ల బట్టలు ఉతికున్నాయా అని అడిగి, ఎప్పట్లాగే నా జవాబు వినకుండానే పెట్టేశాడు.